కొంచెం పైకి లేపమ్మా

గురువారం పొద్దున్నే సుకైనా వంటింట్లో పొట్టి పీట మీద అడ్డంగా కూర్చుని ఉంది. ఒళ్ళో నాలుగేళ్ళ కూతురు నుహా. సుకైనా ఎడమ పాదాన్ని నేలకి గట్టిగా అదిమిపెట్టి, తల కుడికి తిప్పి, ఎడమకి తిప్పి, తర్వాత పైకప్పు వైపు చూస్తోంది. పెదాలు ఏదో పాఠం వల్లెవేస్తున్నట్టు కదులుతున్నాయి. పొయ్యి మీద ఎండు చిక్కుడు గింజల బిస్సారా కుతకుతమంటోంది. బయట తూర్పుగాలి లేచింది. టాంజియర్‌లో ఆ గాలి లేచిందంటే ఒక పట్టాన తగ్గదు. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటుంటే, పిల్లకి మళ్ళీ దగ్గు పట్టుకుంటుందేమోనని సుకైనా మధ్యలో ఆగి నుహా నుదురు తాకి చూసుకుంది. గ్యాసు మంట తగ్గించానా లేదా అని పొయ్యి వైపు కూడా ఒకసారి చూసింది.

"ఇదేం కూర్చోవడమే, పీతలాగా?" అత్తగారు తామో రొట్టెలు గుడ్డలో చుడుతూ అడిగింది. "నడుము పట్టేసిందా?"

"లేదత్తయ్యా, ఊరికే."

"ఊరికే కాదు నానమ్మా," అంది నుహా. "అమ్మ బండిలో ఇలాగే కూర్చుంటుంది. దానికి రెండు కొమ్ములుంటాయి. కొమ్ములు ముందుకి చాపి పేద్ద పెట్టెని ఆకాశంలోకి ఎత్తేస్తుంది. నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది."

తామో చేతిలోని గుడ్డ ఆగిపోయింది. "కొమ్ముల బండా? లేబుళ్ళు అంటించే మిషను నేర్పిస్తున్నారని కదా అన్నావు?"

సుకైనా అలా అనలేదు. 'మిషను నేర్పిస్తున్నారు' అని మాత్రమే అంది. లేబుళ్ళ మిషను అని తామో తనంతట తాను అనుకుంది. అనుకుంటే అనుకోనీ అని సుకైనా సరిదిద్దలేదు, అంతే. ఇప్పుడు ఆ 'అంతే' గొంతులో ముల్లులా అడ్డం పడింది.

"రీచ్ ట్రక్ అంటారు అత్తయ్యా. ఇరుకు సందుల్లో నడిపే ఫోర్క్‌లిఫ్ట్ లాంటిది. రేపు పరీక్ష. పాసయితే ప్యాకింగ్‌లో నిలబడక్కర్లేదు. పని ఉన్నప్పుడు రమ్మని, లేనప్పుడు పొమ్మనడం ఉండదు. పర్మనెంటు చేస్తారు. నుహా నిద్రపోయే వేళకి రోజూ ఇంట్లో ఉంటాను."

నూనెలో రొట్టె ముక్క ముంచుతున్న జవాద్ ఆ ముక్కని అలాగే గిన్నె అంచు మీద పెట్టేశాడు. భార్య వైపు చూడలేదు. టాక్సీ తాళాలు తీసుకుని, "గాలి ఎక్కువగా ఉంది, ఓడలు ఆలస్యమవుతాయి, రేవు దగ్గర బేరాలుంటాయి," అని ఎవరికో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

"చూశావా?" అంది తామో. "తిండి మీంచి లేపేశావు వాణ్ణి."

ముందు గదిలో పరుపు మీద మామగారు అల్లాల్ కుడికాలు ముందుకి చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆ మోకాలు మడత పడదు. పన్నెండేళ్ళ కిందట తెతువాన్‌లో ఒక టైల్స్ గోడౌన్‌లో, ఫోర్క్‌లిఫ్ట్ మీద నిలబడి పై అరలోంచి పెట్టె తీస్తూ కింద పడ్డాడు. బండి నడిపి ఆయన్ని అంత పైకి లేపింది ఎవరో కూలీ కుర్రాడట. సుకైనా ఈ ఇంటికి కోడలిగా రాకముందే జరిగిన సంగతి. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఎవరైనా అడిగితే తామో, "రాసిపెట్టి ఉంది," అని టీ కలపడానికి లేచిపోతుంది. అందుకే సుకైనా బండి పేరు ఎత్తలేదు. మామయ్య కాలు తీసిన బండి మీద కూర్చుంటానని ఏ నోటితో చెప్తుంది?

అల్లాల్ ఇదంతా విన్నాడు. రేడియో చెవి తిప్పుతూ ఉండిపోయాడు.

* * *

ఊరి చివర గోడౌన్‌లో ఆకాశమంత ఎత్తు ర్యాకులు, మధ్యలో బండి మాత్రమే పట్టే సందులు. నేర్చుకునేవాళ్ళు నలుగురు. సుకైనా కాక మిగతా ముగ్గురూ మగపిల్లలే. నేర్పే జిలాలీ సార్‌కి మీసాలు తెల్లబడ్డాయి, మాట మాత్రం రేవులో కూతలు పెట్టేవాళ్ళలా గట్టిగా ఉంటుంది. బండి చుట్టూ తిరిగి గొలుసులు, చక్రాలు, కొమ్ముల్లాంటి ఫోర్కులు, హారన్, బ్రేకు అన్నీ చూసి, చూసినవి పైకి చెప్తేగాని ఆయన తాళం ఇవ్వడు. కొత్తపెళ్ళికూతుర్ని చూసుకోవడానికి వచ్చిన అత్తగారిలా చూడండిరా, పళ్ళు కూడా లెక్కపెట్టండి అంటాడు.

ఈ బండిలో డ్రైవరు ముందుకి తిరిగి కూర్చోడు. పక్కకి తిరిగి కూర్చుంటాడు, రెండు వైపులా చూడ్డానికి వీలుగా. ఎడమ కాలు పెడల్ మీంచి తీస్తే బండి ఆగిపోతుంది. ఫోర్కుల్ని ముందుకి చాపి, సరుకు పేర్చిన చెక్క ప్యాలెట్‌ని ఎత్తి, వెనక్కి లాక్కుని, బాగా కిందకి దించుకుని, అప్పుడే కదలాలి. పైన బరువు పెట్టుకుని నడిపితే బండి తూలుతుంది. ఇవన్నీ సుకైనాకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించాక మళ్ళీ ఏదైనా ఇంత శ్రద్ధగా నేర్చుకోవడం ఇదే మొదటిసారి.

కానీ ఆ రోజు మనసు మనసులో లేదు. ర్యాకులోంచి నీళ్ళ సీసాల ప్యాలెట్ తీసి, ఫోర్కులు దించకుండానే బండి కదిపింది. ఈల గట్టిగా మోగింది.

"ఆపు! తలెత్తి చూడు. ఏం పెట్టుకుని బయల్దేరావు?"

సుకైనా పైకి చూసింది. ప్యాలెట్ ఇంకా తలకన్నా ఎత్తున ఉంది. లివర్ నొక్కి కిందకి దించింది.

"మనసెక్కడుంది?"

"ఇంట్లో ఉంది సార్."

"ఇంటిని తెచ్చి ఫోర్కుల మీద పెట్టుకుని తిరుగుతున్నావన్నమాట," అన్నాడు జిలాలీ. మగపిల్లలు నవ్వారు. "నవ్వకండి. మీలో ఒకడు నిన్న ప్రియురాలిని పెట్టుకుని తిరిగాడు. ఎవరని అడగను, చెవులు ఎర్రబడ్డాయి, తెలిసిపోతోంది."

వాళ్ళందర్నీ దగ్గరికి పిలిచాడు. "రేపు పరీక్ష. చిన్న తప్పు చేస్తే మళ్ళీ చేయమంటాను. మనిషిని ఫోర్కుల మీద ఎక్కించుకుని పైకి లేపే డ్రైవరుంటాడే, వాడికి మాత్రం మళ్ళీ అవకాశం ఇవ్వను. వాడి చేతికి గాడిద బండి కూడా ఇవ్వకూడదు. బండి మనుషుల్ని చంపదు. బుద్ధిలేని డ్రైవరు చంపుతాడు. రాసిపెట్టుకోండి."

సుకైనా మనసులో రాసిపెట్టుకుంది. అత్తయ్యకి చెప్పాల్సిన మాట ఇదే అనుకుంది.

* * *

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నుహా తాతయ్య పక్కన కూర్చుని ఆలివ్ గింజల్ని వరసగా పేరుస్తోంది. జవాద్ కూడా తొందరగా వచ్చేశాడు. తామో టీ గ్లాసులు పెట్టి, పుదీనా టీని పైనుంచి పొడవుగా పోసి, కూర్చుంది. ఆవిడ అలా తీరిగ్గా కూర్చుందంటే మాట ముందే కూడబలుక్కుందని అర్థం.

"రేపటి నుంచి పిల్లని నేను చూడను," అంది.

"అత్తయ్యా!"

"నా ఒంట్లో బానే ఉంది, కంగారుపడకు. చూడలేక కాదు, చూడను. నువ్వు ప్యాకింగ్‌కి వెళ్తానంటే మహారాణిలా పంపిస్తాను. ఆ కొమ్ముల బండి ఎక్కుతానంటే నీ పిల్లని నువ్వే చూసుకో. అది ఈ ఇంట్లో ఒక కాలు తినేసింది. ఇంకోటి ఇవ్వను."

"ఇప్పుడు అన్నీ నేర్పించాకే ఇస్తున్నారు. ఎంత జాగ్రత్త అనుకున్నారు? కాలు తీస్తే బండి ఆగిపోతుంది..."

"అల్లా ఆపమన్నప్పుడు ఆగుతుంది. నీ కాలు తీస్తే కాదు."

"ఆడవాళ్ళు నడపకూడదంటారా?"

"నడపొద్దని ఎవరన్నారు? గాడిదని నడుపు, టాక్సీ నడుపు, ఓడ నడుపు! దాన్ని మాత్రం వద్దు."

"జవాద్, నువ్వైనా చెప్పు," అంది సుకైనా.

జవాద్ గ్లాసులో పుదీనా ఆకుల్ని చూస్తున్నాడు. "అమ్మ చెప్పింది కదా," అన్నాడు నెమ్మదిగా.

ఆ మాటతో సుకైనాకి కోపం కట్టలు తెంచుకుంది. పొద్దున్నుంచి పడ్డ భయం, గోడౌన్‌లో పడ్డ సిగ్గు, ఈ పరీక్ష పోతే మళ్ళీ ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడి రేపు పనుందో లేదోనని ఎదురుచూడాలన్న దిగులు, అన్నీ కలిసి నోట్లోకి వచ్చాయి.

"బండి ఏం చేసింది అత్తయ్యా? మామయ్య కాలు తీసింది బండి కాదు. ఆయన్ని ఎక్కించుకుని పైకి లేపిన ఆ డ్రైవరున్నాడే, వాడు! బుద్ధున్నవాడెవడైనా మనిషిని లేపుతాడా? అలాంటివాడి చేతికి గాడిద బండి కూడా ఇవ్వకూడదని మా సార్ అన్నారు. ఎవరో ఒక తలతిక్క వెధవ చేసిన పనికి నేనెందుకు మానుకోవాలి?"

తామో చేయి గాల్లోనే ఆగిపోయింది. అల్లాల్ కళ్ళు మూసుకున్నాడు.

జవాద్ లేచాడు. గ్లాసు చప్పుడు కాకుండా పళ్ళెంలో పెట్టి, మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

"ఏమైంది?" అంది సుకైనా. "నేనేమన్నాను?"

తామో కోడలి మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు. అది లేకపోవడమే సుకైనాకి ఎక్కువ భయం వేసింది.

"ఆ తలతిక్క వెధవ నీ మొగుడే," అంది తామో.

సుకైనా గోడకి ఆనుకుంది.

"వాడికప్పుడు పద్దెనిమిదేళ్ళు. సెలవుల్లో తండ్రి దగ్గర పనికి వెళ్ళేవాడు. ఆ రోజు బండి మీద ఉన్నది వాడే. కూలీ కుర్రాడని నేనే ఊరంతా చెప్పాను. తండ్రి కాలు తీసినవాడని నా కొడుకుని ఎవరూ అనకూడదని చెప్పాను. ఎవరూ అనలేదు. పన్నెండేళ్ళకి నువ్వు అన్నావు. ఇంట్లో కూర్చుని, మొహం మీద."

"నాకు తెలీదత్తయ్యా..."

"తెలీదు. తెలియకూడదనే కదా అంత కష్టపడ్డాను." తామో తలగుడ్డ అంచుతో కళ్ళు వత్తుకుంది. "నేను వాణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. రాసిపెట్టి ఉందన్నాను, అంతే. కానీ ఆయన రాత్రిళ్ళు కాలు నొప్పని మూలిగినప్పుడల్లా, 'లేపకపోతే ఏం పోయిందిరా నీకు' అని లోపల్లోపల అనుకుంటాను. కన్నకొడుకుని అలా అనుకోవడం ఎంత పాపమో నాకు తెలుసు."

* * *

మేడ మీద జవాద్ తీగల మీంచి ఆరిన బట్టలు తీస్తున్నాడు. గాలికి నుహా గౌను మొహం మీద కొట్టుకుంటున్నా పట్టించుకోవడం లేదు. దూరంగా జలసంధిలో నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. సుకైనా వెళ్ళి బట్టల బుట్ట పట్టుకుంది.

"నాకు చెప్పొచ్చు కదా," అంది.

"ఏమని చెప్పను? పెళ్ళి చూపుల్లో చెప్పాలా? నా పేరు జవాద్, మా నాన్న కాలు నేనే తీశాను అని?"

"నేను అలా అనకుండా ఉండాల్సింది."

"అన్నది తప్పేం కాదు. మీ సార్ చెప్పింది నిజమే." పట్టుగుడ్డ మడత పెడుతున్నంత జాగ్రత్తగా తువ్వాలు మడత పెట్టాడు. "నేను లేపాను. ఆయన పడ్డాడు. మధ్యలో చెప్పుకోవడానికి ఏముంది?"

"ఏదో ఉండే ఉంటుంది."

జవాద్ తల అడ్డంగా ఊపాడు. "నువ్వు ఆ బండెక్కుతావంటే నాకు పొద్దున్నుంచి చేతులు చల్లబడుతున్నాయి. స్టీరింగ్ సరిగ్గా పట్టుకోలేకపోయాను. నీకేమైనా అవుతుందని ఒక భయం. నువ్వు ఎవరికైనా ఏమైనా చేస్తావని ఇంకో భయం. చేసినవాడు ఎలా బతుకుతాడో నాకు తెలుసు."

"సరే. మానేస్తాను," అంది సుకైనా.

మానొద్దు, వెళ్ళు అంటాడేమోనని ఒక్క క్షణం ఆగింది. జవాద్ బుట్ట అందుకుని ముందు నడిచాడు.

* * *

శుక్రవారం పొద్దున సుకైనా ఇంటిబట్టల్లోనే ఉండిపోయింది. జవాద్ అప్పటికే టాక్సీ తీసుకుని వెళ్ళాడు. తామో పెద్ద మట్టి పళ్ళెంలో గోధుమరవ్వ కుస్‌కుస్‌కి నీళ్ళు చిలకరిస్తూ, వేళ్ళతో విడదీస్తోంది. కోడలు ఇంట్లో ఉండిపోయిందని చూసింది, గెలిచినట్టు మాత్రం మొహం పెట్టలేదు.

"తల్లీ," ముందు గదిలోంచి అల్లాల్ పిలిచాడు. "ఇంకా బయల్దేరలేదేం?"

"మానేశాను మామయ్యా."

"ఎవరు మానమన్నారు?"

సుకైనా వంటింటి వైపు చూసింది.

"నేను మానమన్నానా?"

"లేదు."

"మరి ఈ ఇంట్లో పెద్దవాణ్ణి నేనేగా? నుహాని ఇక్కడ నా పక్కన కూర్చోబెట్టు. నాకు ఒక కాలు పనిచేయకపోతే ఏం, రెండు కళ్ళూ బానే ఉన్నాయి. వెళ్ళి పరీక్ష ఇచ్చిరా."

"ఏవండీ..." వంటింట్లోంచి తామో గొంతు వినిపించింది.

"కుస్‌కుస్ చూసుకో తామో. ఉండ కడుతుంది."

ఆ ఇంట్లో అల్లాల్ గొంతు పెంచి ఎన్నాళ్ళయిందో. ఇప్పుడూ పెంచలేదు, కానీ పెంచినట్టే ఉంది. సుకైనా నుహాకి రెండు స్వెటర్లు తొడిగి, దగ్గు మందు ఎక్కడుందో మామయ్యకి ఒకసారి, నుహాకి ఒకసారి చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి మూత బిగించి ఉందో లేదో చూసి, అప్పుడు పరుగెత్తింది.

* * *

పరీక్షలో ఆమె వంతు చివర వచ్చింది. మగపిల్లల పరీక్ష చూడనివ్వకుండా జిలాలీ ఆమెని బయట కూర్చోబెట్టాడు. లోపలికి పిలిచాక సుకైనా బండి చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ పైకి చెప్పింది. బిస్మిల్లా అనుకుని ఎక్కింది. సందు మొదట్లో ఆగి హారన్ కొట్టింది. పైకి చూసింది. ప్యాలెట్ తీసింది, వెనక్కి లాక్కుంది, దించింది, అప్పుడే కదిలింది. చెప్పిన అరలో చెప్పినట్టు పెట్టింది. ఒక్క తప్పూ దొర్లలేదు.

చివర్లో ఖాళీ ప్యాలెట్‌ని ఫోర్కుల మీద పెట్టుకుని వచ్చి ఆగినప్పుడు జిలాలీ దగ్గరికి వచ్చాడు. పైనున్న అర వైపు చెయ్యి చూపించాడు.

"చూడు, ఆ చివరి డబ్బా పక్కకి ఒరిగింది. ఎవరి నెత్తినైనా పడుతుంది. నిచ్చెన అవతలి చివర ఉంది, నా మోకాళ్ళు సహకరించవు." అంటూనే ప్యాలెట్ మీద కాలు పెట్టి ఎక్కి నిలబడ్డాడు. "నన్ను కొంచెం పైకి లేపమ్మా. సర్దేసి దిగిపోతాను."

ఎదురుగా తెల్ల మీసాలు. తండ్రి వయసు. ఇన్నాళ్ళూ విసుక్కోకుండా నేర్పిన మనిషి.

"దిగండి సార్," అంది. గొంతు సన్నగా వచ్చింది.

"ఏంటి?"

"దిగండి. నిచ్చెన నేను తెస్తాను."

"నీ తండ్రిలాంటివాణ్ణి, అడుగుతున్నాను. పెద్దవాడి మాట కాదంటావా? పైగా నిన్ను పాస్ చేయాల్సింది కూడా నేనే. ఆ సంగతి గుర్తుందా?"

ఆ క్షణంలో సుకైనాకి మేడ మీద తువ్వాలు మడతపెడుతున్న జవాద్ కళ్ళముందు కనిపించాడు. తెతువాన్‌లో ఆ రోజు అతని ముందు నిలబడింది తండ్రిలాంటివాడు కాదు, తండ్రే. లివర్ మీంచి చేయి తీసేసింది. ఫోర్కులు నేలకి ఆనే ఉన్నాయని చూసుకుని, బండి ఆపి, తాళం బయటికి తీసి పిడికిట్లో పెట్టుకుంది.

"గుర్తుంది సార్. కానీ కుదరదు. మీరు దిగేదాకా తాళం నా దగ్గరే ఉంటుంది."

జిలాలీ మోకాళ్ళ నొప్పి లేనివాడిలా తేలిగ్గా కిందకి దిగాడు.

"పాసయ్యావు," అన్నాడు. "ఆ ముగ్గురిలో ఇద్దరు నన్ను లేపబోయారు. పాపం, చెడ్డపిల్లలు కాదు. గౌరవంతోనే. నేను వేలసార్లు చెప్పినా సరే, తెల్లమీసాలు చూసేసరికి మర్చిపోతారు. బండి నడపడం తేలికమ్మా. ఇదే కష్టం."

* * *

జుమ్మా నమాజు అయ్యాక జవాద్ ఇంటికొచ్చాడు. కుస్‌కుస్ పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టి అందరూ చుట్టూ చేరారు. గుమ్మడికాయ, క్యారెట్లు, సెనగలు పైన పేర్చి, నట్టనడుమ మాంసం పెట్టింది తామో. మాంసం పంచేది ఇంటి పెద్ద. అల్లాల్ చేయి వేసేదాకా ఎవరూ దాని జోలికి పోరు.

"పాసయ్యావా?" అంది తామో, మజ్జిగ గ్లాసులు నింపుతూ, ఎటో చూస్తూ.

"అయ్యానత్తయ్యా."

"అమ్మ పాస్! అమ్మ పాస్!" నుహా చప్పట్లు కొట్టింది. జవాద్ కూతుర్ని చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. "మంచిది," అన్నాడు భార్యతో.

"ఏమడిగారు?" అన్నాడు అల్లాల్.

"మామూలే మామయ్యా. ఎత్తడం, దించడం."

"అంతేనా? నువ్వు వచ్చినప్పట్నుంచి నా మొహం, వీడి మొహం మార్చి మార్చి చూస్తున్నావు. ఇంకేమడిగారు?"

సుకైనా జవాద్ వైపు చూసింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. సార్ ప్యాలెట్ ఎక్కడం, కొంచెం పైకి లేపమనడం, తండ్రిలాంటివాణ్ణి అనడం, తను తాళం తీసేయడం.

జవాద్ చేయి పళ్ళెం అంచున ఆగిపోయింది.

"నువ్వు కాదన్నాక ఆయన కోప్పడ్డాడా?" అల్లాల్ అడిగాడు.

"లేదు మామయ్యా. దిగిపోయారు."

"నేను కోప్పడ్డాను," అన్నాడు అల్లాల్.

తామో మజ్జిగ కూజా కింద పెట్టింది.

"ఆ రోజు వీడు నన్ను లేపనన్నాడు. 'వద్దు నాన్నా, నిచ్చెన తెస్తాను' అన్నాడు. గుమ్మంలో గిరాకీ నిలబడి ఉన్నాడు, కూలీలందరూ చూస్తున్నారు. వాళ్ళ ముందు నా కొడుకు నాకు ఎదురు చెప్పాడని నాకు తల కొట్టేసినట్టయింది. 'నేను నీకు నాన్ననా, నువ్వు నాకు నాన్నవా? లేపు' అన్నాను. అందరూ నవ్వారు. వీడు లేపాడు. నేను పెట్టె కోసం ఒంగాను. ప్యాలెట్ నా కాలి కింద జారింది."

"నాన్నా, ఇప్పుడెందుకు..." అన్నాడు జవాద్.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? నేను పోయాకా?"

తామో భర్త వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "వాడు వద్దన్నాడా?" అంది. "వద్దన్నాడా వాడు? పన్నెండేళ్ళు ఒక్కరైనా నాకు చెప్పలేదే! నువ్వెందుకు చెప్పలేదురా?"

"ఆయన ఆసుపత్రిలో పడుకుని ఉంటే, తప్పు ఆయనదే అని ఎలా చెప్పనమ్మా?" అన్నాడు జవాద్. "అయినా ఇంకొక్కసారి వద్దనాల్సింది నేను. ఒక్కసారి అని ఊరుకున్నాను."

"ఇంకోసారి అంటే చెంప మీద కొట్టేవాణ్ణి," అన్నాడు అల్లాల్. "అప్పటి నన్ను నాకు తెలుసు. నీ పెళ్ళానికి కాదనడం నేర్పించినవాడున్నాడు. నీకెవరున్నారు? నేనున్నాను. నేను నేర్పింది తలొంచడమే."

జవాద్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నాన్నకేమైందని అడగబోయిన నుహాని సుకైనా దగ్గరికి లాక్కుని, నోటి మీద మెల్లగా చేయి పెట్టింది. ఆమె కళ్ళ నీళ్ళు పిల్ల జుట్టులోకి జారాయి.

అల్లాల్ కదల్లేని కాలిని రెండు చేతులతో పక్కకి జరుపుకుని, ముందుకి వంగాడు. కొడుకు చేయి అందుకున్నాడు. పండగ రోజుల్లో, ప్రయాణాలప్పుడు, ఆ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళ చేతిని ముద్దు పెట్టుకుంటారు. జవాద్ ఈ పన్నెండేళ్ళలో ఒక్క పండగ కూడా తప్పకుండా తండ్రి చేతికి వంగాడు. ఇప్పుడు అల్లాల్ తలొంచి, కుస్‌కుస్ మెతుకులు అంటుకున్న ఆ చేతి వెనక పెదాలు ఆనించాడు.

"అయ్యో నాన్నా, వద్దు!" జవాద్ చేయి లాక్కోబోయాడు. అల్లాల్ వదల్లేదు.

తామో లేచి కొడుకు పక్కకి వచ్చి కూర్చుంది. "నేనెంత మాట అనుకున్నానో నీకు తెలీదురా," అంది, అతని తల నిమురుతూ. "తెలియకపోవడమే మంచిది." జవాద్ తల్లి చేతిని చెంపకి ఆనించుకున్నాడు.

కాసేపటికి ఆవిడ కోడలి వైపు తిరిగింది. "మీ సార్‌కి కాదని చెప్పినప్పుడు నీ గొంతు వణకలేదుటే?"

"వణికింది అత్తయ్యా. కాళ్ళు కూడా వణికాయి."

"ఊఁ." తామో ఆలోచించింది. "సోమవారం ఎన్నింటికి వెళ్ళాలి?"

"ఏడింటికి."

"అయితే పిల్లని నిద్రలేపకు. చలిలో దగ్గు ఎక్కువవుతుంది. నా పక్కలో వేసి వెళ్ళు." అని మజ్జిగ గ్లాసు కోడలి ముందుకి జరిపి, పళ్ళెం వైపు చూసింది. "తినండి, చల్లారిపోతోంది. ఏవండీ, మాంసం పంచండి మరి."

అల్లాల్ కొడుకు చేయి వదలకుండానే, రెండో చేత్తో మాంసంలో మెత్తటి పెద్ద ముక్క విడదీసి, జవాద్ ముందు పెట్టాడు.